మిరుగం నాడు మృగశిర ఎందుకు కనపడదు? ప్లానెటోరియం గురించి మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో "ఈ సెలవుల్లో పిల్లల్ని ఒక్కసారైనా ప్లానెటోరియంకి తీసుకెళ్ళండి" అని నాలుగు ముక్కలు రాశాను. ప్లానెటోరియం అంటే గుమ్మటం లోపల కూర్చోబెట్టి ఆకాశంలోని చుక్కల్ని చూపించే చోటు. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వరంగల్, హన్మకొండల నుంచి వచ్చాయి, జగిత్యాల నుంచి వచ్చాయి, ఉట్నూరు నుంచి ఒక చిన్నారి నోట్‌బుక్ కాగితం మీద రాసింది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి, ప్రతి ఏడూ ఒక బ్యాచ్ పిల్లల్ని బస్సెక్కించి షోకి తీసుకెళ్ళినవాణ్ణి, తెలిసినంత వరకు చెప్తాను. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఒకే రకం ప్రశ్నలు ఎక్కువమంది అడిగితే ఒకటే తీసుకున్నాను.

"సార్, మొన్న పిల్లలతో పోయి షో చూసినం. మంచిగనే ఉంది గానీ గుండ్రటి తెర మీద సినిమా వేసిండ్రు, అంతే కదా. దానికి టికెట్ పెట్టుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని పోవుడెందుకు? యూట్యూబ్‌లో చూస్తే సరిపోదా?" (ఒక తల్లి, పరకాల)

మీరన్నదాంట్లో సగం నిజం ఉందమ్మా. ఇప్పుడు చాలాచోట్ల వేసేది డిజిటల్ షో. కంప్యూటర్లో ఉన్న బొమ్మను ప్రొజెక్టర్లు గుమ్మటం నిండా పరుస్తాయి. ముందే రికార్డు చేసిన అరగంట షో ఒక్కటే వేసి పంపించేస్తే దాన్ని సినిమా అంటే నేను గొడవపడను.

కానీ ఇది ఎట్లా మొదలైందో వినండి. జర్మనీలోని మ్యూనిక్‌లో పెద్ద సైన్సు మ్యూజియం కట్టిన ఓస్కార్ ఫాన్ మిల్లర్, ఆకాశాన్ని గదిలోకి తెచ్చే యంత్రం కావాలని జైస్ అనే అద్దాల కంపెనీని అడిగాడు. పెద్ద రేకు గోళానికి రంధ్రాలు పెట్టి, మనుషుల్ని లోపల కూర్చోబెట్టి, గోళాన్నే తిప్పుదామని మొదటి ఆలోచన. అంత బరువు తిప్పడం ఎవరివల్ల అవుతుంది? వాల్టర్ బౌవర్స్‌ఫెల్డ్ అనే ఇంజినీరు, గుమ్మటాన్ని కదలకుండా ఉంచి మధ్యలో వెలుతురును తిప్పుదాం అన్నాడు. 1923లో మొదటిసారి చేసి చూపించారు, 1925 మే నెలలో జనం చూడ్డానికి తెరిచారు. ఆ మొదటి యంత్రం సుమారు 4,500 నక్షత్రాలు చూపించేది. మన హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం వచ్చింది 1985లో. వరంగల్‌లో ప్రతాపరుద్రుడి పేరు మీద ఒకటి ఉంది.

అలాంటి పాత రకం యంత్రాన్ని ఒకసారి షో అయిపోయాక ఆపరేటరు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. రెండు పెద్ద నల్లటి బంతులను ఒక ఇనుప జాలీతో కలిపినట్టు ఉంది, దూరం నుంచి చూస్తే లేచి నిలబడ్డ చీమ లాగా. ఒక్కో బంతి నిండా కంటిగుడ్ల లాంటి అద్దాలు. ఒక్కో అద్దం వెనక పలుచటి రేకు, ఆ రేకులో సూది మొన కంటే సన్నటి రంధ్రాలు. వెలుగు ఎక్కువున్న నక్షత్రానికి కొంచెం పెద్ద రంధ్రం, మసకదానికి చిన్నది. వీటన్నిటికీ బంతి లోపల ఒకే ఒక్క బల్బు. చేత్తో ఇట్లా కొంచెం వంచి, 18 డిగ్రీల దగ్గర ఆపి, "ఇది మీ వరంగల్ ఆకాశం సార్" అన్నాడు. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అందుకే ధ్రువ నక్షత్రం మనకు ఉత్తరాన అంతే ఎత్తులో కనిపిస్తుంది. చెయ్యి చాచి పిడికిలి పెడితే ఒక్కో పిడికిలికి సుమారు పది డిగ్రీలు వస్తుంది, అంటే నేల అంచు నుంచి రెండు పిడికిళ్ళ లోపే ఉందన్నమాట. ఢిల్లీలో వాళ్ళకి మూడు పిడికిళ్ళకు కొంచెం తక్కువ ఎత్తులో ఉంటుంది.

యూట్యూబ్‌లో దొరకనిది ఇదే. ఫోన్ మీ అరచేతిలో ఉంటుంది, గుమ్మటం మీ చుట్టూ ఉంటుంది. ఉత్తరం ఎటో తెలియాలంటే మెడ తిప్పాలి, వెనక్కి చూడాలి, పక్కనున్న పిల్లాడి చెయ్యి పట్టుకుని "అదిగో" అని చూపించాలి. అందుకే ఎవరడిగినా ఒక్కటే చెప్తాను, టికెట్ కౌంటర్ దగ్గరే అడగండి: "ఈ రాత్రి మన ఊరి ఆకాశం చూపిస్తారా? మనిషి నిలబడి మాట్లాడతారా?" ఆ పది నిమిషాల కోసమే పోవాలి. మిగతా అరగంట బ్లాక్ హోల్ కథ బాగుంటే బాగుంటుంది, లేకపోతే లేదు. అడిగేవాళ్ళు ఎక్కువైతే చూపించేవాళ్ళు కూడా ఎక్కువవుతారు, నా అనుభవం అది.

"మేము ఎవుసం చేసేటోళ్ళం. మిరుగం వచ్చిందంటే విత్తనం గురించి మాట్లాడుకుంటం, చేపలు తింటం. మిరుగం అంటే మృగశిర చుక్క అని మా అయ్య చెప్పేటోడు. మరి జూన్‌లో ఎన్నిసార్లు చూసినా ఆ చుక్క కనపడదు. మబ్బుల వల్లనా?" (ఒక రైతు, జనగామ)

ఇన్ని ఉత్తరాల్లో నాకు ఎక్కువ నచ్చిన ప్రశ్న మీదే అన్నా. దీనికి జవాబు ఆరుబయట నిలబడి చూపించడం ఎవరివల్లా కాదు, ప్లానెటోరియంలో అర నిమిషం పని.

మబ్బులు లేకపోయినా కనపడదు. మృగశిర కార్తె అంటే సూర్యుడు ఆకాశంలో మృగశిర ఉన్న చోటికి వచ్చాడని అర్థం. జూన్ 8 ప్రాంతంలో వస్తాడు, రెండు వారాలు ఉంటాడు, 22 ప్రాంతంలో ఆరుద్రకు పోతాడు. సూర్యుడు ఆ పక్కనే ఉంటే ఆ చుక్కలు కూడా పొద్దున సూర్యుడితోపాటు పొడుస్తాయి, పగలంతా ఆకాశంలో ఉండి సాయంత్రం అతనితోపాటే మునుగుతాయి. పట్టపగలు మన తల మీదే ఉంటాయి, వెలుతురులో కనపడవు. చాలావరకు ఏ కార్తె నడుస్తుంటే ఆ నక్షత్రం ఆ రోజుల్లో కనపడదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అంటాం కదా, ఆ పదిహేను రోజులూ రోహిణి చుక్క కూడా సూర్యుడి వెలుగులోనే దాక్కుని ఉంటుంది.

మరి మన పెద్దలకు ఎట్లా తెలిసింది? అంతకుముందు సాయంత్రం పూట పడమటి దిక్కు ఏ చుక్కలు మునుగుతున్నాయో, తర్వాత తెల్లవారుజామున తూర్పున ఏవి కొత్తగా పొడుస్తున్నాయో చూసి, ఆ రెండిటి మధ్య సూర్యుడు ఎక్కడుండాలో లెక్క కట్టారు. ఎంత ఓపిక, ఎన్ని తరాల చూపు కావాలి దానికి!

షోలో ఆపరేటర్ని అడగండి: జూన్ 8, మధ్యాహ్నం పన్నెండు గంటలకు పెట్టి, సూర్యుణ్ణి అట్లనే ఉంచి, పగటి నీలం ఒక్కటి తీసేయమని. డిజిటల్ యంత్రమైతే బటన్ నొక్కితే చాలు. ఆకాశం నల్లగా అవుతుంది, సూర్యుడు ఒక పెద్ద దీపం లాగా మిగులుతాడు, దానికి కొంచెం దక్షిణంగా మృగవ్యాధుడు (ఓరియన్) అనే వేటగాడి ఆకారపు చుక్కల గుంపు తల దగ్గర మృగశిర, ఇంకా కింద వరసగా మూడు చుక్కలు. ఆ మూడింటిని మా నాయన గొర్రు కొయ్యలు అనేవాడు, విత్తనం వేసే గొర్రుకు ఉండే కొయ్యల్లాగా ఉంటాయని. నేను యాభై ఏళ్ళ వయసులో మొదటిసారి అది గుమ్మటం మీద చూశాను. ఎన్నో ఏళ్ళు క్లాసులో బోర్డు మీద గీసి చెప్పిందే, అయినా గొర్రు కొయ్యల పైన సూర్యుణ్ణి చూసేసరికి ఒళ్ళు జలదరించింది. మా నాయన ఉంటే బాగుండేదనిపించింది.

ఇంకో మాట. భూమి అక్షం బొంగరం లాగా చాలా నెమ్మదిగా ఊగుతుంది. దానివల్ల కార్తెలు రుతువులతో పోలిస్తే సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఆలస్యంగా వస్తున్నాయి. రామప్ప గుడి కట్టింది 1213లో. ఆ కాలంలో, ఎండావానల లెక్కన చూస్తే, మిరుగం ఇప్పటికంటే సుమారు పదకొండు రోజులు ముందే వచ్చేది. ధ్రువ నక్షత్రం కూడా అప్పుడు సరిగ్గా ఉత్తర ధ్రువం దగ్గర లేదు, నాలుగైదు డిగ్రీలు పక్కకు ఉండేది. తేదీ మార్చి ఆ నాటి ఆకాశం కూడా చూడొచ్చు. రామప్ప శిల్పులు రాత్రి పనాపి తలెత్తితే కనపడ్డ ఆకాశం అది.

మీకు ఆ చుక్కలు నిజంగా చూడాలనుంటే జులైలో మబ్బు లేని రోజు తెల్లవారుజామున తూర్పు దిక్కు చూడండి. సాయంత్రం పూట హాయిగా చూడాలంటే డిసెంబరు నుంచి మార్చి దాకా.

"మా పాప కు నాలుగేళ్ళు. చీకటంటే భయం. తీసుకపోవచ్చునా? నాకు కూడా ఒకసారి షోలో కళ్ళు తిరిగినయ్." (ఒక తల్లి, కరీంనగర్)

నాలుగేళ్ళంటే తొందరేమీ లేదమ్మా, ఆరేళ్ళు వచ్చాక తీసుకెళ్తే తనకే గుర్తుంటుంది. తీసుకెళ్ళేట్టయితే తలుపు పక్క సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ముందు రోజు రాత్రి ఇంట్లో లైటు తీసేసి ఐదు నిమిషాలు డాబా మీద కూర్చోండి, చీకటి పడితే చుక్కలొస్తాయని తనకు అర్థమవుతుంది.

కళ్ళు తిరగడం చాలామందికి ఉంటుంది. గుమ్మటమంతా ఒక్కసారి తిరిగితే మనమే తిరుగుతున్నామని కళ్ళు చెప్తాయి, చెవిలోని బ్యాలెన్సు మాత్రం కదల్లేదు అంటుంది. ఆ రెండిటి తగువు వల్ల కడుపులో తిప్పుతుంది. వెనక వరుసలో కూర్చోండి, తిరుగుతున్నప్పుడు కళ్ళు మూసుకోండి, లేదా ముందు సీటు అంచును చూడండి. కడుపు నిండా తిని పోవద్దు.

"లోపల ఫోన్ తీసి ఒక్క ఫొటో తీసినందుకు నన్ను అందరి ముందు కోప్పడ్డారు. అంత తప్పేం చేశాను?" (ఒక డిగ్రీ విద్యార్థి, హన్మకొండ)

కోప్పడిన పద్ధతి నాకు నచ్చదు తమ్ముడూ, మెల్లగా చెప్తే సరిపోయేది. కానీ కారణం విను. ఎండలోంచి సినిమా హాల్లోకి పోతే మొదట సీటు నంబరు కూడా కనపడదు కదా. చీకటికి మన కళ్ళు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ పని చేసే కణాలు ఒక్క క్షణం తెల్లటి వెలుగు పడితే మళ్ళీ మొదటికొస్తాయి. పైగా గుమ్మటం లోపల అంతా లేత రంగు వేసి ఉంటుంది, నీ ఫోన్ వెలుగు ఎటు పడితే అటు నుంచి తిరిగి అందరి మీదా పడుతుంది. నువ్వు తీసిన ఒక్క ఫొటోకి చుట్టుపక్కల నాలుగు వరుసలకు మసక చుక్కలు పోయాయి. ఆ ఫొటోలో కూడా ఏమీ పడి ఉండదు.

షోలు చేసేవాళ్ళ మీద కూడా ఇదే విషయంలో నాకు ఫిర్యాదు ఉంది. మొదట్లోనే కళ్ళు మిరుమిట్లు గొలిపే పేలుళ్ళు, మంటలు వేస్తారు, తర్వాత చుక్కలు చూపిస్తారు, ఇక కళ్ళు కుదుటపడే సరికి షో అయిపోయి లైట్లు వేస్తారు. మెల్లగా పొద్దుగూకినట్టు వెలుతురు తగ్గించుకుంటూ పోయి, మసక చుక్కలు ముందు చూపించి, హడావిడి ఏదన్నా ఉంటే చివర్లో పెట్టుకోవాలి.

"మా స్కూలుకు గాలి గుమ్మటం తెస్తామని ఒకరు వచ్చారు. గ్రౌండ్‌లో పెట్టి షో వేస్తారట. ఒప్పుకోమంటారా? పిల్లల బాధ్యత నా మీద ఉంది, టెన్షన్‌గా ఉంది." (ఒక హెడ్మాస్టర్, జగిత్యాల జిల్లా)

ఒప్పుకోండి సార్, కానీ కొన్ని అడిగి ఒప్పుకోండి. ఊళ్ళో పిల్లలకు గుమ్మటం దగ్గరికే రావడం కన్నా మంచి సంగతి ఏముంది? వందమందికి బస్సు మాట్లాడటం ఎంత కష్టమో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నాకు జరిగింది చెప్తాను. చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన స్కూల్లో ఇట్లాంటిదే పెట్టించాం. నల్లటి గుడ్డతో కుట్టిన పెద్ద బుగ్గ అది, ఒక ఫ్యాను గాలి కొడుతుంటే నిలబడుతుంది. వచ్చినవాళ్ళు పాతికమందిని కూర్చోబెట్టాల్సిన చోట అరవై మందిని పంపారు, నేనూ సరే అన్నాను, తొందరగా అయిపోతుందని. శనిగ్రహం వస్తుండగా కరెంటు పోయింది. జనరేటర్ లేదు. ఫ్యాను ఆగింది, బొమ్మ పోయింది, గుడ్డ మెల్లగా కిందికి రావడం మొదలుపెట్టింది. ముందు పిల్లలు నవ్వారు. గుడ్డ తలలకు తగలగానే ఏడుపులు. జిప్పు తలుపు ఎటుందో చీకట్లో ఎవరికీ తెలియదు. నేనూ ఇంకో టీచరూ చేతులతో గుడ్డ పైకెత్తి పట్టుకుని ఒక్కొక్కరినీ పంపించాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఐదో తరగతి పాప ఒకతి నా చొక్కా పట్టుకుని వదల్లేదు, ఆ పట్టు ఇప్పటికీ నాకు గుర్తుంది. పాతికకు అరవై ఎక్కించనిచ్చింది నేనే, ఆ తప్పు నాది కూడా.

కాబట్టి: లోపల ఎంతమంది పడతారో ముందే రాయించుకోండి, దానికి ఇద్దరు తక్కువే పంపండి. ఫ్యానుకు కరెంటు పోయినా ఆగని ఏర్పాటు ఉందో లేదో కళ్ళతో చూడండి. తలుపు దగ్గర టార్చ్‌తో ఒక టీచర్ ఉండాలి. షో మొదలయ్యే ముందే పిల్లలకు "కరెంటు పోతే గుడ్డ మెల్లగా కిందికొస్తుంది, అది మెత్తటిది, ఏం కాదు, కూర్చునే ఉండండి" అని చెప్పండి. మధ్యాహ్నం పూట వద్దు, నల్లటి గుడ్డ కింద ఎండకు ఉడికిపోతారు. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలకు పెట్టించండి. ఇవన్నీ ఒప్పుకుంటే ధైర్యంగా చేయించండి.

షో అయ్యాక పిల్లలతో వ్యాసం రాయించొద్దు సార్, దయచేసి. ఆ రాత్రి ఇంటి దగ్గర ఒక్క చుక్క గుర్తుపట్టి రమ్మనండి, అది చాలు.

"షోలో రాకెట్ ఒక గ్రహం దాటగానే ఇంకోటి వస్తుంది, నిమిషంలో శని దగ్గర ఉంటాం. నిజంగా అంత దగ్గర దగ్గరగా ఉంటాయా?" (ఇంటర్ విద్యార్థి, నిజామాబాద్)

ఉండవు. షోలు చేసే పెద్ద అబద్ధం ఇదే, చేయక తప్పని అబద్ధం. వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక 1977 సెప్టెంబరులో బయల్దేరి శని దగ్గరికి చేరింది 1980 నవంబరులో. మూడేళ్ళు దాటింది. అన్నేళ్ళు చీకటి చూపిస్తే ఎవరు కూర్చుంటారు?

నేను పిల్లలకు ఇట్లా చెప్పేవాణ్ణి. హన్మకొండ చౌరస్తాలో మీటరు వెడల్పున్న బంతి పెట్టి దాన్ని సూర్యుడనుకుందాం. భూమి తొమ్మిది మిల్లీమీటర్లు, అంటే పెద్ద శనగ గింజంత, 107 మీటర్ల దూరంలో ఉంటుంది. గురుడు పది సెంటీమీటర్ల బత్తాయి పండు, అర కిలోమీటరు దాటాక. శని కిలోమీటరు పైన. నెప్ట్యూన్ కాజీపేట రోడ్డు మీద మూడుంపావు కిలోమీటర్ల దగ్గర. ఆ మధ్యలో ఉన్నదంతా ఖాళీ. ఇక సూర్యుడి తర్వాత మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ఎక్కడ పెట్టాలి అంటే, ఇదే లెక్కలో 28 వేల కిలోమీటర్ల పైన, భూమి చుట్టుకొలతలో ముప్పావు వంతుకు దగ్గర. రోడ్డు మీద శనగ గింజ పెట్టి నడిచిన పిల్లలు ఇది మర్చిపోరు, నా మాట నమ్ము.

"మా మనవనిది భరణి నక్షత్రం. ప్లానెటోరియంలో ఆ నక్షత్రం చూపిస్తారా? జాతకం గూడ చెప్తారా?" (ఒక నాయనమ్మ, మహబూబాబాద్)

చుక్క చూపిస్తారమ్మా, జాతకం చెప్పరు. మీ మనవడు పుట్టినప్పుడు చంద్రుడు ఆకాశంలో ఏ భాగంలో ఉన్నాడో అదే జన్మ నక్షత్రం. చంద్రుడు తిరిగే దారిని మన పెద్దలు 27 భాగాలు చేసుకున్నారు, అందులో రెండోది భరణి. మూడు మసక చుక్కలు, చిన్న త్రికోణం లాగా. టౌన్ లైట్లలో వాటిని పట్టుకోవడం కష్టం, గుమ్మటం మీద సులువు. బాబు పుట్టిన తేదీ, టైము చెప్పి పెట్టించండి, ఆ గడియలో చంద్రుడు నిజంగా ఆ చుట్టుపక్కలే కనిపిస్తాడు. ఆ చుక్కలు బాబు చదువునూ పెళ్ళినీ నిర్ణయిస్తాయని నేను నమ్మను, మీరు అడిగారు కాబట్టి దాచకుండా చెప్తున్నాను. కానీ చంద్రుడు ఏ రోజు ఎక్కడుంటాడో లెక్కగట్టిన పంచాంగం వెనక అసలైన ఆకాశ విద్య ఉంది, బాబుకు అది తప్పకుండా చూపించండి.

"మా ఊళ్ళో రాత్రిపూట చుక్కలు చాలా కనిపిస్తాయి. పాలపుంత కూడా. మరి నేను వరంగల్ దాకా వచ్చి చూడాలా సార్? ఇది చదువుకుంటే ఉద్యోగం వస్తుందా?" (తొమ్మిదో తరగతి, ఉట్నూరు)

బిడ్డా, మేము డబ్బులిచ్చి చూసేది నీకు వాకిట్లో ఉంది. అయినా ఒకసారి రా. డిసెంబరులో కూర్చుని మే నెల ఆకాశం చూడాలంటే గుమ్మటమే దిక్కు. రాత్రంతా జరిగే కదలిక నాలుగు నిమిషాల్లో చూస్తే, ధ్రువ నక్షత్రం చుట్టూ అన్నీ ఎట్లా తిరుగుతాయో ఒక్కసారికే తెలిసిపోతుంది. ఆ తర్వాత మీ ఊరికి పోయి మే నెలలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణం వైపు నేల అంచుకు కొంచెం పైన చూడు, నాలుగు చుక్కల త్రిశంకు కనిపిస్తుంది. ఉత్తరాన ధ్రువాన్నీ దక్షిణాన త్రిశంకునీ ఒకే రాత్రి చూడగలిగిన చోట పుట్టావు, లండన్‌లో పిల్లలకు ఆ అదృష్టం లేదు.

మీ దగ్గరి గోండు పెద్దల్ని అడుగు. గొర్రు కొయ్యలున్న చోట వాళ్ళు నాగలిని చూస్తారు, సప్తర్షుల్లో మంచాన్ని చూస్తారు. వాళ్ళు చెప్పింది నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో, తేదీతో సహా. పుస్తకాల్లో దొరకనివి కూడా ఉంటాయి.

చదువు సంగతి: ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ తీసుకో. ఏటా నవంబరులో ఆస్ట్రానమీ ఒలింపియాడ్ మొదటి పరీక్ష జరుగుతుంది, మీ సైన్స్ టీచర్ని అడిగి ఫీజు కట్టు, రాకపోయినా నష్టం లేదు. ఉస్మానియా యూనివర్సిటీలో ఆస్ట్రానమీకి ప్రత్యేకంగా డిపార్ట్‌మెంటే ఉంది. వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగానే 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. ఆ రోజు మా వాడంతా తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంది, నేను కూడా. ఆ బాధ నాకింకా పోలేదు. నువ్వు అట్లా కూర్చోవద్దు. ఉద్యోగాలు ఉంటాయి, తక్కువ ఉంటాయి, కష్టపడాలి. ఫిజిక్స్ గట్టిగా వస్తే వేరే దారులు కూడా తెరిచే ఉంటాయి.

"ఇది మా అవ్వ చెప్తుంటే నేను రాస్తున్న. అవ్వకు రెండు కండ్లకు ఆపరేషన్ అయింది. చిన్నప్పుడు మంచం కోళ్ళు చూసేదట, ఇప్పుడు మా గల్లీలో లైట్లకు ఏం కనపడతలేవు. ప్లానెటోరియంలో కనపడ్తయా అని అడుగుతుంది." (భూపాలపల్లి)

కనపడ్తయి అవ్వా. మంచం కోళ్ళంటే సప్తర్షులే కదా, ఆపరేషన్ అయిన కళ్ళకు కూడా ఆ ఏడు చుక్కలు బాగానే తెలుస్తాయి, గుమ్మటం మీద అవి మసక చుక్కలేం కావు. దూరం చూపు అద్దాలుంటే మర్చిపోకుండా తెచ్చుకోండి.

బాబూ, నువ్వు చేయాల్సింది కొంచెం ఉంది. పోయే ముందు షో టైము ఫోన్‌లో కనుక్కో. అరగంట ముందు చేరండి, లైట్లు తీశాక అవ్వను మెట్లు ఎక్కించొద్దు. తల బాగా వెనక్కి వాల్చగలిగే సీటు చూడు, మెడ కింద పెట్టడానికి ఒక తువ్వాల మడిచి తీసుకెళ్ళు. షో మొదలయ్యే ముందే మాట్లాడే మనిషి దగ్గరికి వెళ్ళి, మా అవ్వ మంచం కోళ్ళు చూడ్డానికి వచ్చింది, ఉత్తరం వైపు ఒక్క నిమిషం ఆపండి అని చెప్పు. నాకు తెలిసి ఎవరూ కాదనరు.

ఏప్రిల్, మే నెలల్లో అయితే నిజం ఆకాశంలో కూడా అవి రాత్రి ఎనిమిది, తొమ్మిదింటికి ఉత్తరాన పైకి లేచి ఉంటాయి. బండి మీద అవ్వను ఊరి బయట చేన్ల దాకా తీసుకుపోయి, వెలుతురు లేని చోట పావుగంట కూర్చోబెట్టు.

ఇంకొకటి అవ్వా, మా అమ్మ ఆ కథ ఇట్లా చెప్పేది: నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్ళు, వెనక మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకుపోదామని వచ్చిన దొంగలు, తెల్లారేదాకా ముసలమ్మ నిద్రపోదు, దొంగలు పోరు. దొంగలు మంచం ఎందుకు కోరుకున్నారో మాత్రం మా అమ్మ చెప్పకముందే నేను నిద్రపోయేవాణ్ణి. మీ దగ్గర ఎట్లా చెప్తారో మనవడితో రాయించి పంపండి, వచ్చే నెల ఈ పేజీలో వేస్తాను.